బిడ్డ వచ్చినా, గడ్డ వచ్చినా: పురిటింటి చరిత్రలో పేరులేని చేతులు

"మంత్రసాని పని ఒప్పుకున్నాక బిడ్డ వచ్చినా పట్టాలి, గడ్డ వచ్చినా పట్టాలి" అని మనకొక సామెత వుంది. పదో తరగతి పిల్లలకు సామెతలు చెబుతున్న రోజున ఒక అమ్మాయి లేచి, "మంత్రసాని అంటే ఎవరు సార్?" అని అడిగింది. తరగతిలో ఒక్కరికీ తెలియదు. అందరూ ఆసుపత్రిలో పుట్టిన పిల్లలే. పురుడు పోసే మనిషి అని చెప్పాను. ఇష్టంలేని పని నెత్తిన పడ్డాక తప్పించుకోలేమని సామెత తాత్పర్యం కూడా చెప్పాను. పిల్లలు రాసుకున్నారు. ఇంటికి వచ్చాక ఆ తాత్పర్యం నాకే రుచించలేదు.

ఈ సామెతను మంత్రసాని అనలేదు. మరో పనిలో చిక్కుకున్న వాళ్లెవరో ఆమె పనిని ఉపమానంగా వాడుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వును పక్కనపెట్టి చూస్తే ఇందులో ఒక వృత్తి ధర్మం కనిపిస్తుంది. కాన్పు సజావుగా జరిగితే బిడ్డ. అడ్డం తిరిగితే గడ్డ. ఏది వచ్చినా లేచిపోవటానికి వీల్లేని మనిషి ఆ గదిలో ఒకరు వుండాలి. వైద్యుడు రావచ్చు, రాకపోవచ్చు. మగవాళ్లు గడప అవతలే వుంటారు. ప్రసవ చరిత్ర రాసిన వాళ్లు వైద్యుల పేర్లు రాశారు, ఆసుపత్రులు కట్టించిన రాణుల పేర్లు రాశారు. లేచిపోకుండా కూర్చున్న వాళ్ల పేర్లు రాయలేదు. పేర్లు ఇప్పుడు దొరకవు. వాళ్ల పని ఎక్కడెక్కడ చరిత్రను మలుపు తిప్పిందో చూడటం సాధ్యమే. చూడటం మన బాధ్యత కూడా అని నా అభిప్రాయం.

వియన్నా నుంచి మొదలుపెడతాను. అందరికీ తెలిసిన కథ అక్కడుంది. అందరూ సగమే చెప్పే కథ కూడా అదే.

వియన్నా మహా ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. 1840 నుంచి మొదటి దానిలో వైద్య విద్యార్థులకూ, రెండో దానిలో మంత్రసాని విద్య నేర్చే స్త్రీలకూ శిక్షణ ఇచ్చేవారు. ఏ విభాగంలో చేర్చుకుంటారన్నది ఆ రోజు ఏ వారమన్న దాన్ని బట్టి వుండేది. అక్కడికి వచ్చేవాళ్లంతా పేదరాళ్లు. ఉచిత వైద్యానికి బదులుగా తమ దేహాలను విద్యార్థుల పాఠానికి అప్పగించాల్సిన వాళ్లు. 1846లో మొదటి విభాగంలో 4,010 కాన్పులకు 459 మంది బాలింతలు పోయారు. నూటికి 11 పైన. మంత్రసానుల విభాగంలో 3,754 కాన్పులకు 105 మంది. నూటికి 3 కన్నా తక్కువ. ఈ తేడా పండితులకు అంతుబట్టలేదు గానీ నగరంలోని పేద స్త్రీలకు బాగా తెలుసు. మొదటి విభాగంలో వెయ్యవద్దని వాళ్లు మోకాళ్లమీద పడి వేడుకునేవారు.

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు 1847లో కారణం పట్టుకున్నాడు. శవాన్ని కోస్తుండగా కత్తి గుచ్చుకుని అతని మిత్రుడొకడు మరణించాడు. ఆ రోగ లక్షణాలు పురిటి జ్వరంతో చచ్చిపోయిన స్త్రీల లక్షణాలే. వైద్యులూ విద్యార్థులూ శవపరీక్ష గదినుంచి లేచి తిన్నగా కాన్పు గదికి వస్తున్నారు. మంత్రసానులు శవాలను ముట్టుకోరు. ఆ మే నెల మధ్యనుంచి అందరూ క్లోరిన్ సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోవాలని ఆయన పట్టుబట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18గా వున్న మరణాలు జూన్‌లో నూటికి 2కు వచ్చాయి. 1848కల్లా రెండు విభాగాలూ ఇంచుమించు సమానమయ్యాయి. పెద్దలు ఆయనను నమ్మలేదు. 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు.

ఇక్కడిదాకా ప్రతి పుస్తకంలోనూ వుంటుంది. ఆ పుస్తకాలు నిలవని చోట నేను కాసేపు నిలబడతాను. ఆయన నిరూపణ దేనిమీద ఆధారపడింది? రెండో విభాగంమీద. అక్కడి స్త్రీలు మామూలుగా తమ పని తాము చేసుకుపోతూ వుండకపోతే, మొదటి విభాగపు చావులు దైవికంగానే మిగిలిపోయేవి. ప్రసూతి అంటే ఇంతే, గాలి చెడ్డది, ఆడవాళ్ల శరీరతత్వం అంత అని సరిపెట్టుకునేవారు. చదువు ఎక్కువగా వున్న చేతులే ఎక్కువగా చంపుతున్నాయన్న నిజానికి సాక్ష్యం చెప్పింది చదువు తక్కువ చేతులు. సెమ్మెల్‌వైస్ గొప్పతనాన్ని తగ్గించటానికి ఈ మాట అనటం లేదు. ఆయన విగ్రహం పక్కన ఇంకొక పీఠం ఖాళీగా వుందని మాత్రమే అంటున్నాను.

మన దేశానికి వచ్చేసరికి కథ తలకిందులయింది. ఇక్కడ మంత్రసానే ముద్దాయి. వలస పాలకులు 1885లో వైస్రాయి భార్య పేర డఫ్రిన్ నిధి పెట్టారు. పరదాచాటు స్త్రీలకు స్త్రీ వైద్యులను, నర్సులను అందించటం దాని ఉద్దేశం. 1903లో విక్టోరియా స్మారక నిధితో దాయీలకు శిక్షణ మొదలుపెట్టారు. ఆనాటి నివేదికల్లోని దాయి మురికిది, మూర్ఖురాలు, మొండిది. మన సంస్కర్తలలోనూ చాలామంది ఆ చిత్రాన్నే అందుకున్నారు.

ఆ చిత్రంలో అబద్ధమెంత, నిజమెంత? భూస్వామ్య సమాజం కాన్పును మైల అన్నది. రక్తం, మాయ, పురిటి గుడ్డలు ముట్టుకునే పనిని అట్టడుగు కులాల స్త్రీలకు అప్పగించింది. కూలిగా నాలుగు గింజలు, ఒక పాత చీర ఇచ్చింది. పురిటాలిని ఇంట్లో గాలి ఆడని మూల పెట్టింది, పాత గుడ్డలే ఇచ్చింది. ఇదంతా చేసి, బిడ్డ పోతే ఆమె చెయ్యి మంచిది కాదన్నది. మురికి ఆమె తెచ్చింది కాదు, ఆమెకు అంటగట్టింది. అయినా ఆ మురికి చంపిందన్నది కూడా నిజమే. ఈ రెండో సగాన్ని దాచిపెట్టి మంత్రసానిని ప్రకృతి మాతగా కీర్తించే ధోరణి ఈమధ్య కొన్ని రచనల్లో కనిపిస్తోంది. దాన్ని నేను ఒప్పుకోలేను. దానికి కారణం మా ఇంట్లోనే వుంది.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. 1978లో మా అమ్మ తొలి కాన్పు మా ఊరి మంత్రసాని చేతిలో జరిగింది. ఆడపిల్ల. ఆరో రోజున పాలు పట్టటం మానేసింది, దవడలు బిగిసిపోయాయి, ముట్టుకుంటే విల్లులా వంగేది. ఎనిమిదో రోజున పోయింది. అది ధనుర్వాతం. బొడ్డు కోసిన కొడవలినుంచో, బొడ్డుకు రాసిన బూడిదనుంచో వచ్చి వుంటుంది. 1981లో నేను అదే ఇంట్లో, అదే అవ్వ చేతుల్లోనే పుట్టాను, బతికాను. మధ్యలో జరిగింది ఏమిటి? ఉపకేంద్రం నర్సమ్మ ఒకామె ఎండలో నడిచివచ్చి, మా అమ్మకు కడుపుతో వుండగానే రెండుసార్లు ధనుర్వాతం సూది వేసింది. అవ్వను కూర్చోబెట్టి సబ్బుతో చేతులు కడుక్కోవటం, కొత్త బ్లేడుతో కొయ్యటం, ఉడికించిన దారంతో కట్టటం, బొడ్డుకు ఏదీ రాయకపోవటం, ఉతికిన గుడ్డ పరచటం చెప్పింది. అయిదే అయిదు శుభ్రతలు. అవ్వ వినదని అందరూ అన్నారు. విన్నది.

అక్క సంగతి ఎప్పుడు ఎత్తినా అమ్మ ఒకటే మాట అనేది: "ఆమెదేం తప్పు బిడ్డా, ఆమెకు ఎవలు చెప్పిన్రు?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అవ్వ కాదు. బోర్ కమిటీ 1946లో లెక్క తేల్చింది: ముప్ఫయి కోట్ల జనానికి నర్సులు సుమారు 7,000, శిక్షణ పొందిన మంత్రసానులు సుమారు 5,000. అరవై వేల మందికి ఒక్కరు. ప్రతి వెయ్యి కాన్పులకు ఇరవై మంది తల్లులు పోతున్న రోజులవి. మిగిలిన కోట్లాది కాన్పులు ఎవరి చేతుల్లో జరిగాయి? ఏ జాబితాకూ ఎక్కని మా ఊరి అవ్వ లాంటి వాళ్ల చేతుల్లోనే. ఆ చేతులకు సబ్బు, బ్లేడు, నాలుగు మంచి మాటలు అందటానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. బాలింతల, పసికందుల ధనుర్వాతాన్ని భారతదేశం నిర్మూలించినట్టు 2015లో గాని ప్రకటించలేకపోయాం.

పుట్టిన బిడ్డను నిలబెట్టుకోవటం ఇంకొక యుద్ధం. అక్కడా ఇదే పాఠం. 1971లో తూర్పు పాకిస్తాన్‌నుంచి లక్షలాది శరణార్థులు బెంగాల్ సరిహద్దు దాటారు. బన్‌గావ్ శిబిరాల్లో కలరా వ్యాపించింది. ఆసుపత్రిలో పడకలు పదహారు. నేలంతా రోగులే. రక్తనాళంలోకి ఎక్కించే సెలైన్ నిండుకుంది. ఎక్కించటానికి తగినంతమంది చేతులూ లేవు. దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీళ్లను పీపాల్లో నింపి కుళాయిలు బిగించాడు. తల్లులకు, అన్నదమ్ములకు, వచ్చిన బంధువులకు లోటాలిచ్చి తాగించమన్నాడు. నూటికి ముప్ఫయిగా వున్న చావులు నాలుగులోపుకు దిగాయి. పేగుల్లో గ్లూకోజు వెంట ఉప్పూ నీరూ లోపలికి పోతాయన్నది ప్రయోగశాలలో అప్పటికే తేలిన విషయం. ఆ పని నిపుణుల చేతుల్లోనే వుండాలన్న అపనమ్మకమే అడ్డు. ఆ అడ్డును తొలగించింది విపత్తు. రాత్రంతా మేలుకుని గుక్కగుక్కగా పట్టిన తల్లి ఆ శిబిరంలో నర్సు.

మా ప్రాంతానికి ప్రాణహిత అవతల గడ్చిరోలి వుంది. 1990ల్లో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడ 39 పల్లెల్లో, కొద్దిపాటి చదువున్న ఊరి స్త్రీలకే పసికందుల సంరక్షణ నేర్పారు. బరువు తూచటం, వెచ్చగా వుంచటం, ఊపిరి లెక్కపెట్టటం, రక్తం చెడినప్పుడు సూది వెయ్యటం. ఇతర పల్లెలతో పోలిస్తే మూడేళ్లలో పురిటిబిడ్డల చావులు నూటికి 62 వంతులు తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. తర్వాత ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి పసిబిడ్డలను చూడటానికి ఇదొక పునాది అయింది.

ఇక నేటి సంగతి. 2018-20 లెక్కల్లో దేశంలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 97, తెలంగాణలో 43. ఇది చిన్న విజయం కాదు. అదే సమయంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు కడుపు కోసి చేసినవే; దేశం మొత్తంమీద అది 21. అవసరమైనప్పుడు ఆ కోత ప్రాణం పోస్తుంది. నూటికి అరవై మందికి అవసరమని మాత్రం ఏ శాస్త్రమూ చెప్పదు. ఓపికగా కూర్చునే మనిషికి విలువ కట్టని వ్యవస్థలో కత్తికి గిరాకీ పెరుగుతుంది. ప్రభుత్వానికీ ఇది తట్టకపోలేదు. 2017లో కరీంనగర్‌లో నర్సులకు మంత్రసాని విద్యలో ప్రత్యేక శిక్షణ మొదలయింది. మరుసటి ఏడాది కేంద్రం దేశానికంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. తరిమేసిన మంత్రసానిని తెల్లకోటు తొడిగి తిరిగి పిలవటమంటే ఇదే.

ఇదంతా సాహిత్య పత్రికలో ఎందుకని మిత్రులు అడగవచ్చు. మన కథల్లో కాన్పు ఎలా వుంటుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. తలుపు మూసుకుంటుంది, బయట మగవాడు పచార్లు చేస్తాడు, కేవ్వుమని ఏడుపు వినిపిస్తుంది. లోపల ఏం జరిగిందో రచయితకు తెలియదు. నర్సు అయితే దేవత, లేకపోతే చులకన మనిషి. ఆమె చేసే పని మాత్రం కథలో వుండదు.

ఆ పనిలో ఒక్క ముక్క చెబుతాను. నిండు గర్భిణికి రక్తపు పోటు పెరిగి ఫిట్సు వస్తుంది. మన పెద్దలు గుర్రపువాతం అన్నది దీన్నే. మందు చవకైనది, మెగ్నీషియం సల్ఫేట్. మనవాళ్లు భేదిఉప్పు అనేది అదే. మిగతా మందులకంటే ఇదే మేలని 1995లో తేలింది. అయితే మోతాదు మించితే ఊపిరి ఆగిపోతుంది. అందుకని నర్సు పడక పక్కనే వుండి మోకాలి కింద తట్టి కాలు ఎగురుతోందో లేదో చూస్తుంది. నిమిషానికి ఊపిరి పదహారుకు తగ్గకుండా లెక్కపెడుతుంది. మూత్రం గంటకు ముప్ఫయి మిల్లీలీటర్లు వస్తోందా అని సంచీ ఎత్తి చూస్తుంది. విరుగుడుగా కాల్షియం సూది చేతికి అందేలా పెట్టుకుంటుంది. పక్క పడకల్లో మరో పదిమంది వుంటారు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం కావచ్చు. జీతం సకాలానికి రాకపోవచ్చు. తెల్లవారేసరికి తల్లీ బిడ్డా బతికితే కేసు కాగితంమీద వుండే పేరు ఆమెది కాదు.

ఈ రాత్రి మన సాహిత్యంలో లేదు. శ్రమను గౌరవిస్తామని చెప్పుకునే మనం నాగలినీ, మగ్గాన్నీ, గని లోపలి చీకటినీ రాశాం. మోకాలి కింద తట్టి చూసే ఆ చేతిని రాయలేదు. రాయాలంటే ముందు తెలుసుకోవాలి.

మర్నాడు తరగతిలో ఆ సామెత తాత్పర్యం కొట్టేయించి మళ్లీ చెప్పాను: అందరూ లేచిపోయినా లేవకుండా కూర్చున్న మనిషిని గురించిన మాట అది. ఆ అమ్మాయి, "పరీక్షలో ఏది రాయాలి సార్?" అని అడిగింది. రెండూ రాయమన్నాను.