ఉంచాలా, పంపాలా? ఆర్సెనల్ గ్యాలరీకి వందేళ్లు

1925 అక్టోబరు 3న న్యూకాజిల్ చేతిలో లండన్ క్లబ్ ఆర్సెనల్ 7–0 తేడాతో చిత్తయింది. మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ వచ్చి అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. ఆ వేసవిలోనే ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. బంతి అందుకునే ఫార్వర్డ్‌కు ముందు కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలన్నది కాస్తా ఇద్దరికి తగ్గింది. దాంతో గోల్స్ వెల్లువెత్తాయి. అంతకుముందు సీజన్‌లో ఇంగ్లిష్ లీగ్ మొత్తం మీద 4,700 గోల్స్ పడితే, ఆ ఏడాది 6,373 పడ్డాయి. డిఫెన్స్ ఎలా చేయాలో ఎవరికీ పాలుపోలేదు.

న్యూకాజిల్ పరాభవం తర్వాత సీనియర్ ఆటగాడు చార్లీ బుకన్ పట్టుబట్టడంతో చాప్‌మన్ సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి, ఇద్దరు ఫుల్‌బ్యాక్‌ల నడుమ నిలబెట్టాడు. రెండు రోజులకే వెస్ట్ హామ్‌పై 4–0తో గెలిచారు. కాగితం మీద గీస్తే డబ్ల్యూ, ఎం అక్షరాల్లా కనబడే ఆ అమరికనే ఆ తర్వాత పాతికేళ్లు ఇంగ్లండ్ అంతా ఆడింది. ఆర్సెనల్ మాత్రం ఊరూరా తిట్లు తింది. వెనక్కి తగ్గి కాచుకుని, దొరికిన ఒక్క సందులో గోల్ కొట్టి పోతారని, ‘లక్కీ ఆర్సెనల్’ అని ఎద్దేవా చేశారు. సొంత గ్యాలరీకి అదేమీ పట్టలేదు. 1930లో ఎఫ్.ఎ. కప్, 1931, 1933ల్లో లీగ్ టైటిళ్లు వచ్చాక ఎవరికి పడుతుంది? 1934 జనవరిలో చాప్‌మన్ న్యుమోనియాతో పోయాడు. అతను కట్టిన జట్టు ఆ సీజన్‌లోనూ, మరుసటి సీజన్‌లోనూ లీగ్ గెలిచింది. మొదటి ట్రోఫీ రావడానికి అతనికి అయిదేళ్లు పట్టిందన్న సంగతి మాత్రం తరువాతి తరాల్లో గ్యాలరీ ఎప్పుడూ గుర్తు పెట్టుకోలేదు.

మేనేజర్‌గా టామ్ విటేకర్ 1948, 1953ల్లో రెండు టైటిళ్లు తెచ్చాడు. ఆ తర్వాత సుదీర్ఘ కరువు. ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ బిల్లీ రైట్ నాలుగేళ్లు మేనేజర్‌గా ఉన్నా ఒక్క కప్పూ రాలేదు. 1966 మే 5న లీడ్స్‌తో సొంత మైదానం హైబరీలో ఆడిన మ్యాచ్‌కు వచ్చింది 4,554 మంది. అదే రాత్రి టీవీలో లివర్‌పూల్ యూరోపియన్ ఫైనల్ వస్తోందనుకోండి. అయినా నా దృష్టిలో ఈ వందేళ్లలో గ్యాలరీ ఇచ్చిన అతి కఠినమైన తీర్పు అదే. ‘దిగిపో’ అని అరవడానికి కూడా జనం రాలేదు. రైట్ వెళ్లిపోయాక క్లబ్ తన ఫిజియోథెరపిస్టు బెర్టీ మీను మేనేజర్‌ను చేసింది. ఏడాదిలో కుదరకపోతే పాత పనికి తిరిగి వెళ్లిపోతానని షరతు పెట్టి మరీ ఒప్పుకున్నాడు. అతనే 1971లో లీగ్, ఎఫ్.ఎ. కప్ రెండూ తెచ్చాడు. అతన్ని నియమించినప్పుడు ఆ భవిష్యత్తును పసిగట్టిన అభిమాని ఒక్కడైనా ఉండి ఉంటాడని నేననుకోను.

మేనేజర్ జార్జ్ గ్రాహం దగ్గరికొచ్చేసరికి కథ రసవత్తరమవుతుంది. 1989 మే 26న టైటిల్ దక్కాలంటే ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్‌ను రెండు గోల్స్ తేడాతో ఓడించాలి. అలాంటి రోజున గ్రాహం వెనక అయిదుగురు డిఫెండర్లను పెట్టాడు. గెలవాల్సిన మ్యాచ్‌లో ఈ పిరికితనమేమిటని ఎవరైనా అడుగుతారు. రెండో సగంలో అలన్ స్మిత్ ఒక గోల్, ఆఖరి క్షణాల్లో మైకేల్ థామస్ మరో గోల్ కొట్టాక ఆ ప్రశ్న అడిగేవాడు లేకపోయాడు. 1991 టైటిల్ సీజన్‌లో 38 మ్యాచ్‌ల్లో ఇచ్చుకున్న గోల్స్ 18, ఓటమి ఒక్కటే. విసుగు పుట్టించే ఆర్సెనల్ అని ప్రత్యర్థులు పాడితే, సొంత జనం ‘ఒకటి–సున్నా’ అంటూ దాన్నే జయగీతం చేసుకున్నారు. 1995 ఫిబ్రవరిలో గ్రాహంను పంపింది ఎత్తుగడల కోసం కాదు, ఏజెంటు నుంచి డబ్బు తీసుకున్న వ్యవహారంలో.

1996లో జపాన్‌లోని నగోయా నుంచి ఆర్సెన్ వెంగర్ మేనేజర్‌గా వచ్చినప్పుడు ఒక లండన్ పత్రిక ‘ఆర్సెన్ ఎవరు?’ అని పెద్దక్షరాల్లో అడిగింది. 1998లో లీగ్, ఎఫ్.ఎ. కప్ డబుల్ గెలిచాక జనం అతని తిండి నియమాలను, ఫ్రెంచ్ ఆటగాళ్లను ఆకాశానికెత్తారు. నిజానికి ఆ జట్టు వెనక భాగం గ్రాహం వదిలివెళ్లిందే: సీమన్, డిక్సన్, ఆడమ్స్, బౌల్డ్, వింటర్‌బర్న్. 2002లో మళ్లీ డబుల్. 2003–04లో 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి లేదు. ఇ.ఎస్.పి.ఎన్., స్టార్ స్పోర్ట్స్ పుణ్యమా అని హైదరాబాద్ హాస్టళ్లలో అర్ధరాత్రి దాకా మేలుకుని ఆర్సెనల్ అభిమానులైన కుర్రాళ్లది ఈ కాలమే. వారికి చాప్‌మన్ అక్కర్లేదు, గ్రాహం తెలియదు. ఆర్సెనల్ అంటే హెన్రీ, బెర్గ్‌క్యాంప్‌లే.

2006లో అరవై వేల సీట్ల ఎమిరేట్స్ మైదానానికి మారాక అప్పు తీర్చడం మొదలైంది. హెన్రీ, ఫాబ్రెగాస్, వాన్ పెర్సీ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2005 నుంచి 2014 దాకా ట్రోఫీ లేదు. అయినా ఏటా తొలి నాలుగు స్థానాల్లో ఉండటం మామూలు సంగతి కాదు. అది అప్పుడు వైఫల్యంగా కనబడింది, పోగొట్టుకున్నాకే విలువ తెలిసింది. అయితే విమర్శకులదంతా తప్పని నేననను. మిడ్‌ఫీల్డ్‌లో కాపలా లేదని, ఎదురుదాడికి చిక్కిపోతున్నారని వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2011లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 8–2, 2017లో బయెర్న్‌తో రెండు లెగ్‌లలోనూ 5–1 వారి మాటే నిజం చేశాయి. 2017 మార్చిలో వెస్ట్ బ్రామ్ మైదానం మీద రెండు విమానాలు ఎగిరాయి. ఒకటి వెంగర్ దిగిపోవాలన్న బ్యానర్‌తో, రెండోది అతన్ని గౌరవించమన్న బ్యానర్‌తో. ఆకాశంలో కూడా కొట్టుకున్న అభిమానులను మరెక్కడా చూడం. కిందేమో జట్టు 3–1తో ఓడింది. ఏడాది తర్వాత, 22 ఏళ్ల కొలువు ముగించుకుని, వెంగర్ వెళ్లిపోయాడు.

అతని స్థానంలో వచ్చిన ఉనాయ్ ఎమెరీకి పద్దెనిమిది నెలలే దక్కాయి. మికెల్ ఆర్టెటా 2019 డిసెంబరులో వచ్చి ఎనిమిది నెలల్లోనే ఎఫ్.ఎ. కప్ తెచ్చాడు. తర్వాతి సీజన్ ఎనిమిదో స్థానం. 2021 ఆగస్టులో తొలి మూడు మ్యాచ్‌లలో తొమ్మిది గోల్స్ ఇచ్చుకుని, ఒక్కటీ కొట్టలేదు. అప్పుడు పంపేయమన్న గొంతులే 2022–23లో 248 రోజులు లీగ్ అగ్రస్థానంలో కూర్చుంటే పాటలు కట్టాయి. 2024లో 89 పాయింట్లు తెచ్చినా మాంచెస్టర్ సిటీ కన్నా రెండు తక్కువయ్యాయి. 2025లో వరుసగా మూడోసారి రెండో స్థానమే. అప్పటి ఫిర్యాదు ఆట కట్టేసినట్టుందని, గోల్స్ కోసం కార్నర్ల మీదే ఆధారపడుతున్నారని. కార్నర్ గోలూ గోలే కదా అని గ్రాహం కాలం ముసలివాళ్లు నవ్వుకుంటారేమో!

అసలు కొరత మాత్రం గ్యాలరీ సరిగ్గానే పట్టుకుంది: 2025 వేసవి దాకా నిఖార్సైన సెంటర్ ఫార్వర్డ్ లేడు. హావర్ట్స్ గాయపడ్డాక మిడ్‌ఫీల్డర్ మెరీనోనే ముందు నిలబెట్టాల్సి వచ్చింది. 2025 జూలైలో క్లబ్ స్ట్రైకర్ విక్టర్ గ్యోకెరెస్‌ను కొనిచ్చింది. అప్పటికి ఆర్టెటా ఒప్పందం 2027 దాకా ఉంది. గ్యాలరీ గడువు మాత్రం అంత దూరం లేదు.