ఓపెన్ సోర్స్, అన్నా విశ్వవిద్యాలయం, మన తెలుగు

లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటారు; ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయపు ఏయూ-కేబీసీ పరిశోధన కేంద్రం, సీడాక్ కలిసి 2005లో కేంద్ర ప్రభుత్వ సాయంతో దీనికి జాతీయ వనరుల కేంద్రం నడిపాయి. దాని కింద సీడాక్ తయారు చేసిన 'బాస్' లైనక్స్ 2007లో వెలువడింది. అందులో తెలుగులోనూ టైపు చేయవచ్చు. లైసెన్సు రుసుము లేదు.

మన ధర్మపురి ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఆ విశ్వవిద్యాలయానికి అనుబంధమే. 2006 తమిళ అభ్యసన చట్టం తరువాత మన పిల్లలకు బడిలో తెలుగు అక్షరం దూరమవుతోంది. ఇంట్లో మాట మిగిలింది, రాత పోతోంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లవారికి మా మనవి: కంప్యూటరులో తెలుగు కీబోర్డు వారిచేతనే పెట్టించండి, రోజూ నాలుగు మాటలు రాయించండి.