బంగారు సింహాసనానికీ తప్పని చలిజ్వరం

పాతబస్తీలో మూసీ నది దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్ జంగ్ మ్యూజియాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. గంటగంటకూ బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారాన్ని, పాలరాతి ముసుగు రెబెక్కాను చూసి తిరిగివచ్చేవారే ఎక్కువ. ఈసారి వెళ్ళినప్పుడు ఈజిప్టు వస్తువులున్న గదిలో కూడా కాసేపు ఆగండి. టుటన్‌ఖామున్ అనే ఫారో సింహాసనానికి నకలు అక్కడ ఉంది. అసలు సింహాసనం ఈజిప్టులో భద్రంగా ఉంది. దాని వీపుపలక మీద యువరాజు సుఖాసీనుడై ఉంటాడు. ఎదుట నిలిచిన రాణి అతనికి సుగంధ తైలం అలదుతూ ఉంటుంది. పైనుంచి సూర్యబింబం తన కిరణాలను చేతుల్లా చాచి వారిద్దరినీ దీవిస్తూ ఉంటుంది. ఆ చిత్రంలో ఎక్కడా రోగచ్ఛాయ లేదు.

వైద్యుడిగా నన్ను ఆకర్షించినది ఆ చిత్రం దాచిన సంగతి. 1922లో హొవార్డ్ కార్టర్ ఈ రాజు సమాధిని కనుగొన్నప్పుడు అందులో బంగారంతో పాటు సుమారు 130 చేతికర్రలు దొరికాయి. వాటిలో కొన్ని వాడకం వల్ల అరిగిపోయి ఉన్నాయి. 2010లో ప్రచురితమైన పరిశోధనలో ఆ రాజు మమ్మీకి స్కానింగ్, జన్యుపరీక్షలు చేసినవారు ఎడమ పాదంలో ఎముక చచ్చుబడిన లక్షణాలను గుర్తించారు. ఫాల్సిపారం మలేరియా క్రిమి జన్యుశకలాలు కూడా కనిపించాయి. అతడు పంతొమ్మిదో ఏట ఎందువల్ల మరణించాడన్నది నేటికీ వాదోపవాదాల విషయమే. కాని దేవుడిగా పూజలందుకున్న ఆ రాజు దేహంలోకి దోమ నిరాటంకంగా ప్రవేశించిందన్నది ఆ పరీక్షల సారాంశం.

ప్రాచీన ఈజిప్టులో ఫారో అంటే కేవలం పాలకుడు కాడు. 'మాత్' అనే భావనకు అతడు రక్షకుడు. సత్యం, న్యాయం, ప్రకృతి క్రమం అన్నీ కలిసిన ఆ భావన మన ఋతం, ధర్మం అనే మాటలకు దగ్గరగా ఉంటుంది. ఏటా నైలు నదికి వరద రావడం, పంట పండడం, శత్రువు ఓడడం అన్నీ రాజు చలువే అని ప్రజల విశ్వాసం. రాజు కింద మహామంత్రి, పూజారులు, లేఖకులు, సైనికులు, చేతివృత్తులవారు, అందరికంటే అడుగున రైతులు ఉండేవారు. నాణేలు లేని ఆ కాలంలో పన్ను ధాన్యరూపంలో గాదెకు చేరేది. జీతం కూడా ధాన్యంగానే తిరిగి వచ్చేది. రొట్టె, బార్లీతో కాచిన పానీయం వారి నిత్యాహారం. పిండిలో కలిసిన ఇసుక, తిరగలి రాతిపొడి వల్ల పళ్ళు అరిగిపోయేవి. ఆ బాధ రైతుకూ ఉంది, రాజుకూ ఉంది. నీటిపారుదల కాలువల్లో మోకాలి లోతున నిలబడి పనిచేసేవారి చర్మం గుండా ఒకరకం పరాన్నజీవి లోపలికి చొరబడి మూత్రంలో రక్తం పడేలా చేసేది. 1910లో రఫర్ అనే వైద్యుడు మూడువేల ఏళ్ళ నాటి మమ్మీల మూత్రపిండాలలో ఆ క్రిమి గుడ్లను చూపించాడు. ఐదవ రామెసెస్ అనే మరొక ఫారో ముఖం మీద మశూచిని పోలిన బొబ్బల గుర్తులు నేటికీ కనిపిస్తాయి.

వ్యాధికి హోదా తెలియదని దీన్నిబట్టి అర్థమవుతుంది. అయితే వ్యాధి వచ్చినవారికి అందే ఆదరణకు మాత్రం హోదా బాగా తెలుసు. అందుకే నాకు ఆ సింహాసనం కంటే ఒక సున్నపురాతి పలక గొప్పదిగా తోస్తుంది. రాజుల సమాధులను తొలిచి, చిత్రాలు వేసిన శిల్పులు, కూలీలు నైలు పడమటి ఒడ్డున దేర్ ఎల్ మదీనా అనే గ్రామంలో నివసించారు. రెండవ రామెసెస్ పాలనలో 40వ ఏట వారి హాజరుపట్టీని ఒక లేఖకుడు రాతిపలక మీద రాశాడు. ఆ పలక ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. సుమారు నలభైమంది పేర్ల ఎదుట వారు పనికి రాని రోజులూ, వాటి కారణాలూ ఉన్నాయి. ఒకరికి జబ్బు చేసింది, ఒకరిని తేలు కుట్టింది, ఒకరికి కళ్ళు బాగాలేవు, ఒకరు చనిపోయిన తల్లికి అంత్యసంస్కారం చేస్తున్నారు. జబ్బుపడిన తోటివానికి మందు తయారుచేస్తున్నందువల్ల ఒకరు పనికి రాలేదని కూడా అందులో రాశారు. రమారమి 3,250 ఏళ్ళ కిందట ఒక కూలీకి వచ్చిన జబ్బును రాజ్యం లెక్కలోకి తీసుకున్నదన్నమాట.

ఆ గ్రామస్థులు రాజు కొలువులోని నిపుణులు. పొలంలో పనిచేసే రైతుకు ఈపాటి గౌరవం దక్కిందని చెప్పలేము. వారికైనా అది శాశ్వతం కాలేదు. మూడవ రామెసెస్ పాలనలో 29వ ఏట, క్రీస్తుపూర్వం సుమారు 1157లో, ధాన్యం అందక ఆ పనివారు పనిముట్లు కిందపెట్టి ఒక ఆలయం వెనుక బైఠాయించారు. తమకు ఆకలిగా ఉందని, బట్టలు, నూనె, చేపలు, కూరగాయలు లేవని మొరపెట్టుకున్నారు. లిఖితపూర్వకంగా మనకు తెలిసిన తొలి సమ్మె ఇదే. రాజు సమాధి పనులు ఆగిపోయేసరికి అధికారులు కదిలి ధాన్యం ఇప్పించారు.

ఇప్పుడు మ్యూజియం నుంచి బయటికి రండి. మీరు నిలుచున్న పేట పేరు దారుల్ షిఫా. ఆ మాటకు స్వస్థత చేకూర్చే ఇల్లు అని అర్థం. 1591లో హైదరాబాదు నగరాన్ని స్థాపించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో ఇక్కడ ఒక వైద్యాలయాన్ని కట్టించాడు. విశాలమైన ఆవరణ చుట్టూ రెండంతస్తుల గదుల వరుసలు, అందులోనే రోగులకు యునానీ చికిత్స, విద్యార్థులకు వైద్యబోధన జరిగేవి. చార్మినార్ కట్టిన నాలుగేళ్ళకే ఆసుపత్రి వెలిసిందంటే, ఊరంటే కోట, బజారు, మసీదు మాత్రమే కాదని ఆ పాలకుడు ఎరిగి ఉన్నాడని భావించవచ్చు. ఫారోలు తమ దేహాలను కాపాడుకోవడానికి కొండలు తొలిపించారు. ఈయన ఇతరుల దేహాల కోసం ఒక ఇల్లు కట్టించాడు. నేడు అది ఆసుపత్రిగా లేదు. రోజూ అక్కడ బస్సు దిగేవారిలో ఆ పేరుకు అర్థం ఆలోచించేవారు కూడా తక్కువే.

మలేరియా కథలో మన నగరానికి మరొక స్థానం కూడా ఉంది. టుటన్‌ఖామున్‌ను కుట్టిన దోమకూ జ్వరానికీ ఉన్న సంబంధం తర్వాత మూడువేల ఏళ్ళకు పైగా ఎవరికీ రుజువు కాలేదు. అది రుజువైనది మూసీకి ఉత్తరాన, సికింద్రాబాదులో. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమలు తాగినది హుసేన్ ఖాన్ అనే రోగి రక్తాన్ని. తనను కుట్టిన ఒక్కొక్క దోమకు అతడు ఒక అణా చొప్పున పుచ్చుకున్నాడు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు ఎంతమందికి తెలుసు? రాజుల సమాధుల వెనుక పేరులేని కూలీలున్నట్లే, ఈ మహావిష్కరణ వెనుక జ్వరంతో మూలుగుతున్న ఒక సామాన్యుడున్నాడు.

ఇంత చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. నా వృత్తిజీవితంలో ఆలస్యంగా వచ్చిన జ్వర రోగులను ఎందరినో చూశాను. వారిలో అధికులు దినకూలీలు. "ఇవాళ పోకపోతే కూలి పోతుంది సార్" అని మూడురోజులు మాత్రలు మింగి పనికి వెళ్ళి, నాలుగోనాడు స్పృహ తప్పిన స్థితిలో వచ్చేవారు. ఫాల్సిపారం మలేరియా మెదడుకు పాకితే గంటలు కూడా విలువైనవే. జబ్బుచేసిన రోజును సెలవుగా రాసుకున్న ఆ పురాతన రాతిపలక మన మేస్త్రీల చేతిలో, దుకాణ యజమానుల చేతిలో ఇంకా లేదు. మీ ఇంట్లో, మీ దుకాణంలో పనిచేసేవారికి జ్వరమని తెలిస్తే ఆ రోజు కూలి ఇచ్చి రక్తపరీక్షకు పంపండి. మీరు చేయగల పాలన అది.

మిగిలినది మీకు తెలిసినదే. చలి, వణుకుతో జ్వరం వస్తే అదే రోజు పరీక్ష చేయించుకోండి. మలేరియా మందులను జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి. దోమగుడ్డు ఎగిరే దోమ కావడానికి వారం పదిరోజులు పడుతుంది; కనుక వారానికి ఒకసారి కూలర్లు, పూలకుండీల పళ్ళాలు, పాత ఇళ్ళ హౌజులు ఖాళీచేసి ఆరబెట్టండి. సంపుకూ, మేడమీది ట్యాంకుకూ మూత ఉందో లేదో చూడండి.

తర్వాత తీరిక దొరికినప్పుడు సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్ళి ఆ బంగారు సింహాసనం ముందు నిలబడండి. దాని మీద కూర్చున్న యువకుడికి దక్కని రక్షణ నేడు మీ వీధి చివర, ఒక చుక్క రక్తంతో చేసే పరీక్షలో దొరుకుతోంది.