గాస్కనీ యిసుకనేలల పరీక్ష

ఫ్రాన్సుదేశపు నైరృతిమూలను, బోర్డో నగరమునకు దక్షిణముగా వ్యాపించిన గాస్కనీలోని లాండ్ ప్రాంతమును పందొమ్మిదవ శతాబ్దారంభమున దర్శించిన బాటసారులు, శీతకాలమున నిలువనీటిని, వేసవిని మాడుచున్న యిసుకను గాంచి, ఇది యెందులకును కొఱగాని భూమియని నిశ్చయించిరి. పొడవైన కొయ్యకాళ్ళు కట్టుకొని ఆ చిత్తడిలో గొఱ్ఱెలను కాయు గొల్లలు వారికి వింతగా దోచిరే గాని, ఆ కొయ్యకాళ్ళే నేలయొక్క రోగమును చెప్పుచున్నవని తెలిసికొన్నవారు అరుదు.

తీరమందలి ఇసుకతిన్నెల కథ వేఱు. ఊళ్ళను పూడ్చివేయుచున్న యిసుకను పైను విత్తనములు చల్లి నిలుపు పద్ధతిని 1787 ప్రాంతమున బ్రెమోంటియే యను ఇంజనీరు ప్రభుత్వపక్షమున ఆరంభించెను. అంతకు మున్నే దెబియే సోదరులు ఆ ప్రయత్నము చేసియున్నను, కీర్తి మాత్రము ఉద్యోగికే దక్కినది. ఇది మనకును క్రొత్త కాదు.

తిన్నెల వెనుకనున్న మైదానమును పరీక్షించినవాడు షాంబ్రెలాన్. ఈ ఇంజనీరు 1849లో సెస్తాస్ వద్ద సొంతసొమ్ముతో నేల కొని, నీరు నిలుచుటయే ఆ నేల రోగమను తన అభిప్రాయమును తన ధనముతోనే పరీక్షకు పెట్టెను. అచట వాన నీరు జారిపోవుటకు వాలు లేదు. ఇనుమును, కుళ్ళిన ఆకుల సారమును ఇసుకరేణువులను బంధింపగా నేర్పడిన అలియోస్ అను గట్టిపొర కొద్దిలోతుననే యుండి, నీటిని దిగనీయక, వేళ్ళను సాగనీయక అడ్డగించును. కావున చెట్టు శీతకాలమున మునిగి, వేసవిని దాహమునకు చచ్చును. నేల నిస్సారమను మాట అబద్ధము కాదు, భాస్వరము అందు మిక్కిలి స్వల్పము. కాని పైను కొంచెముతో బ్రతుకు చెట్టు. సరుగుడుతోపులెఱిగిన మన కోస్తావారికి ఇది వింత గాదు. లోతులేని కాలువలతో నీటిని వెడలించి ఆతడు విత్తిన విత్తనములు మొలచి యెదిగినవి.

ఈ ఫలితము పిమ్మట, 1857 జూన్‌లో మూడవ నెపోలియన్ ప్రభుత్వము ఉమ్మడి బయళ్ళను ఎండగట్టి వృక్షములు నాటవలెనని చట్టము చేసినది. గ్రామములు పెక్కు బయళ్ళను అమ్ముకొనగా, గుగ్గిలము, టర్పెంటైను, కలప ధనవంతులకు లాభములు దెచ్చినవి. గొల్లలకు మాత్రము ఆ బయలు ఎన్నడును వ్యర్థభూమి కాదు: అందు మేసిన గొఱ్ఱెల యెరువుతోనే వారి రై ధాన్యపు చేలు పండుచుండెను. మంద పోగా ఎరువును, ఎరువు పోగా చేనును పోయినవి; నేలను పరీక్షించు లెక్కలో ఇదియు చేరవలసినది.