‘స్ట్రెయిట్’ – జలసంధి: ఒక రూపం, రెండు దృష్టులు

రెండు భూభాగాల నడుమ ఇరుకుగా సాగి, రెండు పెద్ద జలరాశులను కలిపే సహజమైన నీటిదారిని ఇంగ్లీషులో ‘స్ట్రెయిట్’ అనీ, తెలుగులో ‘జలసంధి’ అనీ వ్యవహరిస్తున్నాం. రెండు మాటలూ సూచించే భౌగోళిక రూపం ఒకటే. ఆ రూపంలోని ఏ లక్షణాన్ని బట్టి పేరు ఏర్పడిందన్న విషయంలో మాత్రం రెండు భాషలూ వేరుపడ్డాయి. ఈ భేదాన్ని గమనించని అనువాదంలో అర్థహాని తప్పదు.

‘స్ట్రెయిట్’కు మూలం ‘బిగించు’ అనే అర్థం గల లాటిన్ క్రియ ‘స్ట్రింగెరె’. దాని నుండి ఏర్పడిన ‘స్ట్రిక్టుస్’ ప్రాచీన ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులో ప్రవేశించింది. ‘స్ట్రిక్ట్’, ‘డిస్ట్రెస్’ అనే మాటలూ ఈ కుటుంబానివే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్ మత్తయి సువార్త 7వ అధ్యాయంలో ద్వారానికి ఇదే విశేషణం. ‘తిన్నని’ అనే అర్థంలోని ‘స్ట్రెయిట్’ ఉచ్చారణలో దీనితో సమానమే అయినా, ‘చాచు’ అనే అర్థం గల దేశీయ క్రియ నుండి పుట్టిన వేరే పదం. ఈ ధ్వనిసామ్యం వల్ల ఆ ఇరుకు ద్వారాన్ని తిన్నని ద్వారంగా పొరబడిన పాఠకులున్నారు. కాలక్రమంలో విశేషణ ప్రయోగం క్షీణించింది. నామవాచకం భూగోళశాస్త్రంలో స్థిరపడింది. బహువచనరూపం ‘కష్టదశ’ అనే లక్ష్యార్థాన్ని కూడా పొందింది.

ఈ బహువచనరూపం పరిపాలనలోనూ నిలిచింది. 1826లో ఈస్టిండియా కంపెనీ పెనాంగ్, మలక్కా, సింగపూర్‌లను ‘స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్’ పేర ఒకటిగా కూర్చింది. 1867లో బ్రిటిష్ రాజవలసగా మారిన ఆ విభాగం 1946లో రద్దయింది. మలక్కా జలసంధి వల్ల వచ్చిన ఈ పేరును సంజ్ఞావాచకంగానే గ్రహించాలి.

తెలుగు పదంలో బిగువు లేదు, కూడిక ఉంది. వ్యాకరణంలో వర్ణాలకు సంధి. భూగోళంలో జలాలకు జలసంధి, నేలలకు భూసంధి. హిందీలోని ‘జలడమరుమధ్య’ డమరుకపు సన్నని నడుమును తలపించి ఇరుకునే చూపుతుంది. మద్రాసు గవర్నరు రాబర్ట్ పాక్ పేరు మీదుగా ప్రసిద్ధమైన పాక్ జలసంధి భారత, శ్రీలంక భూభాగాలను వేరుచేస్తూనే బంగాళాఖాతాన్ని పాక్ అఖాతంతో కలుపుతున్నది. తెలుగు పేరు ఈ కలయికనే పట్టుకున్నది.

అయితే ఇరుకుదనం తెలుగుకు దూరమైనది కాదు. ‘సంధి’ శబ్దభవమైన ‘సందు’ ఇరుకు దారికి పేరైంది. తెలుగు బైబిల్‌లోని ద్వారానికి ‘ఇరుకు’ విశేషణమైంది. కష్టదశను చెప్పే ‘ఇరకాటం’లోనూ ఆ ఇరుకే ధ్వనిస్తున్నది. ఇంగ్లీషు ఒకే పదంలో నిలుపుకున్న అర్థాలను తెలుగు జలసంధి, ఇరుకు, ఇరకాటం అనే మూడు మాటలకు పంచింది. కనుక నిఘంటుకర్తలు ‘స్ట్రెయిట్’కు ‘జలసంధి’ ఒక్కదానినే సమానార్థకంగా చూపక, ప్రయోగభేదాన్ని బట్టి ఈ మూడింటినీ విడివిడిగా నిర్దేశించడం సముచితం.