తెలుపుకీ ఓ హద్దు

తెల్లనివన్నీ పాలు కావని తెలిసినా, తెలుపు ఎంత ఎక్కువైతే అంత అందమన్న భ్రమ మాత్రం మనకింకా పోలేదు. నీలిమందు పెట్టి ఆరేసిన పంచె ఎండలో తళతళలాడుతుంటే ఎంత తృప్తో! అదే పంచెను వీడియో తీసేవాళ్ళకి చూపించండి, తల పట్టుకుంటారు.

పాత టీవీ సెట్లు గుర్తున్నాయా? తెరమీద బాగా తెల్లటి అక్షరాలు పడగానే ఒక్కోసారి సెట్టు 'జుయ్'మని మూలిగేది. మనం దాని నెత్తిన ఒకటి వేసేవాళ్ళం. పాపం, తప్పు సెట్టుది కాదు, తెలుపుది. అప్పటి ప్రసార పద్ధతిలో బొమ్మ తెల్లబడేకొద్దీ తరంగం బలం తగ్గేది. హద్దు దాటితే దాన్ని ఆసరా చేసుకున్న శబ్దమూ చెడేది. అందుకే నలుపుకి 0.7 వోల్టు పైన గీత గీసి, తెలుపు అక్కడే ఆగాలన్నారు. 1982లో డిజిటల్ వీడియోకి ప్రమాణం రాసినప్పుడూ 0 నుంచి 255 దాకా మెట్లున్నా, తెలుపుని 235 దగ్గర ఆపారు.

ఈ గొడవకీ ఝరాసంగానికీ ఏమిటి సంబంధం అంటారా? ఝరాసంగం అనగానే మనకి కేతకీ సంగమేశ్వరుడి గుడి గుర్తొస్తుంది. ఆ మండలంలోనే మాచనూరు ఉంది. 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో దళిత మహిళల సంఘాలు కట్టింది. దాన్ని స్థాపించినవారిలో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో నిర్మాత. బడి మొహం చూడని ఆడవాళ్ళు కూడా కెమెరా పట్టడం నేర్చారు. 2001లో వాళ్ళదే కమ్యూనిటీ మీడియా ట్రస్టు వచ్చింది, 2008లో మాచనూరులో సంఘం రేడియో మోగింది. పైనుంచి కిందికి చూసేది 'పటేల్ షాట్', కళ్ళకి సమంగా చూసేది 'సంఘం షాట్'. ఈ పేర్లు వాళ్ళు పెట్టుకున్నవే! ఏ పాఠ్యపుస్తకంలో ఉంటాయి చెప్పండి?

2002లో మన దేశంలో బి.టి. పత్తికి అనుమతి వచ్చింది. దాన్ని వేసిన వరంగల్ రైతుల గోడు ఈ మహిళలు వీడియోకెక్కించారు. పత్తిచేలో మిట్టమధ్యాహ్నం కెమెరా పట్టడమంటే మాటలా? పగిలిన పత్తి తెలుపు, తలపాగా తెలుపు, మధ్యన ఎండకి కమిలిన రైతు ముఖం. పత్తికి సరిపోయేలా వెలుతురు తగ్గిస్తే ముఖం చీకటి. ముఖం కోసం పెంచితే పత్తి సున్నం కొట్టినట్టయిపోతుంది.

ఎడిటింగులో దిద్దుకోవచ్చుగా అంటారేమో. వెలుతురు ఎంతుందో గీతల్లో చూపే వేవ్‌ఫామ్ మానిటర్ అని ఒకటుంది. గీతలు హద్దు దాటినా పైన ఎగుడుదిగుళ్ళు కనిపిస్తున్నాయంటే పరవాలేదు, కిందికి దించితే పత్తి పోగులు మళ్ళీ కనబడతాయి. కత్తిరించినట్టు చదునుగా ఉన్నాయో, కెమెరాలోనే పోయినట్టు లెక్క. ఎంత దించినా బూడిదరంగు మరకే మిగులుతుంది. మాడిన కూరలో నీళ్ళు పోస్తే రుచి వస్తుందా? అందుకే కొన్ని కెమెరాల్లో తెలుపు మితిమీరిన చోట చారలు కనబడే ఏర్పాటు పెట్టారు, తీసేటప్పుడే జాగ్రత్తపడమని.

రెండూ దక్కని ఎండలో ఏది వదులుకోవాలి? నన్నడిగితే పత్తినే. పంట నష్టపోయామని చెబుతున్నది ముఖం కదా!