కంపెనీ సొమ్ము, దుబాషీ పద్దు: పుదుచ్చేరి చరిత్రలో ఒక అభియోగం

ప్రజాధనాన్ని కాపాడవలసినవాడే దానిని హరించడం రాజ్యమంత ప్రాచీనమైన నేరం. అధికారులు ఖజానాను కొల్లగొట్టే మార్గాలను కౌటిల్యుడు అర్థశాస్త్రంలో నలభైగా లెక్కించాడు. తెలుగువారికి ఈ ప్రసక్తి రాగానే కంచెర్ల గోపన్న స్ఫురిస్తాడు. శిస్తు సొమ్మును భద్రాచల ఆలయ నిర్మాణానికి వెచ్చించి గోల్కొండ చెరసాల పాలైన ఆ తహసీల్దారును లోకం రామదాసుగా స్మరించుకుంది. ఖజానా లెక్కలో మాత్రం అది సర్కారు సొమ్మే.

నేరం ఎంత పాతదో, దానిని మోపడంలో జరిగే అన్యాయమూ అంత పాతదే. పుదుచ్చేరి చరిత్రలోని నైనియప్ప పిళ్లై ఉదంతం ఇందుకు నిదర్శనం. పాత పట్టణపు ఎల్ల దాటి నటేశన్ నగర్ వంటి పేటలు వెలియడానికి ఎంతో పూర్వపు మాట అది. నైనియప్ప 1708 నుంచి ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీకి ముఖ్య దుబాషీ. సరకుల బేరం కుదర్చడం, వర్తకులకు బయానాలు ఇప్పించడం, దొరలకూ స్థానికులకూ నడుమ మాట నడపడం ఆయన విధులు. ఆనాడు దొరలు సైతం కంపెనీ కొలువులో ఉంటూనే సొంత వ్యాపారం సాగించేవారు. ఆచారం ప్రకారం ముట్టే రుసుము ఎక్కడ ముగుస్తుందో, అక్రమార్జన ఎక్కడ మొదలవుతుందో తేల్చే కట్టుబాటు స్పష్టంగా లేదు.

1716లో గవర్నరు ఎబేర్ ఆయనను నిర్బంధించాడు. అధికారాన్ని అడ్డం పెట్టుకొని ప్రజలను పీడించాడని, 1715 నాటి అలజడికి పురికొల్పాడని అభియోగం. హిందువు ఆ పదవిలో ఉండటం గిట్టని జెస్యూట్ మతగురువుల ఒత్తిడి దీని వెనుక ఉంది. సాక్షుల వాఙ్మూలాలు ఒక భాష నుంచి మరొక భాషకు మారి చివరకు ఫ్రెంచిలో నమోదయ్యాయి. నిందితునికి ఆ భాష రాదు. శిక్షగా బహిరంగంగా కొరడా దెబ్బలు, చెరసాల, ఆస్తి జప్తు విధించారు. 1717లో నైనియప్ప చెరలోనే కన్నుమూశాడు.

ఆయన కుమారుడు గురువప్ప సముద్రం దాటి ఫ్రాన్సు వెళ్లి న్యాయం కోరాడు. తీర్పు రద్దయింది. అప్పటికే ఎబేర్ పదవి కోల్పోయి స్వదేశానికి పంపబడ్డాడు. చనిపోయినవానికి మాత్రం దక్కింది పేరు ఒక్కటే.

నైనియప్ప బంధువైన ఆనందరంగ పిళ్లై అనంతరకాలంలో డూప్లే వద్ద అదే పదవిని నిర్వహించాడు. కస్తూరి రంగకవి తెలుగులో రచించిన ఆనందరంగరాట్ఛందము ఆయన పేరిట వెలసిందే. 1736 నుంచి ఆయన తమిళంలో వ్రాసిన దినచర్యలో కానుకలు, బాకీలు, బేరాలు విస్తారంగా కనిపిస్తాయి. 1754లో వెనక్కు పిలిపించబడిన డూప్లే, కంపెనీ కోసం సొంత సొమ్ము వెచ్చించానని వాదించి, ఆ వ్యాజ్యం తేలకుండానే 1763లో మరణించాడు. సొంత పద్దు, కంపెనీ పద్దు కలగలిసిన చోట దొంగనూ దాతనూ వేరుచేయడం దుస్సాధ్యం.

నేటి చట్టంలో ఈ గీత స్పష్టం. ప్రభుత్వోద్యోగి చేసే నమ్మకద్రోహం భారతీయ శిక్షాస్మృతి 409వ సెక్షన్ కింద యావజ్జీవ శిక్షకు అర్హమైన నేరంగా ఉండేది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్‌లో చేరింది. అయినా శిక్ష కఠినమైనంత మాత్రాన న్యాయం సిద్ధించదు. ఖజానాకు రక్షణ సరియైన లెక్క. ఉద్యోగికి రక్షణ తనకు అర్థమయ్యే భాషలో జరిగే విచారణ. ఈ రెండింటిలో ఏది లోపించినా నష్టపోయేది ప్రజలే.